గుడియాత్తం నుంచి లుంగీలో చుట్టుకొచ్చిన సాక్సోఫోన్

ఈ మధ్య నా ఫోనుకు ఫోటోలు రావడం ఎక్కువైంది. ఎవరో పిల్లలు, ఎవరి దగ్గరో నా నంబరు తీసుకుంటారు. అటక మీద దొరికిందనో, తాతగారిదనో ఒక పాత సాక్సోఫోన్‌ను మంచం మీద పడుకోబెట్టి, పైనుంచి ఒక ఫోటో తీసి పంపుతారు. కింద ఒకటే ప్రశ్న. "దీన్ని బాగుచేయించవచ్చా సార్?" ఫోటో చూసి మనిషికి జ్వరముందో లేదో చెప్పమన్నట్టు ఉంటుంది నాకు. నాలుగు మాటలు గట్టిగా రాద్దామని కూర్చుంటాను. మా మనవరాలు ఫోను లాక్కుని, "నమస్కారం, చేత్తో పట్టుకుని చూడనిదే చెప్పలేను" అని మర్యాదగా రాసి పంపేస్తుంది.

అందుకే ఒకసారి కూర్చుని రాసేస్తే పీడ విరగడవుతుందని కాగితాలు తీశాను. నేను వేలూరు బజారులో ఒక వాయిద్యాల దుకాణంలో ముప్పై ఐదేళ్ళు రిపేరు బల్ల ముందు కూర్చున్నవాణ్ణి. బ్యాండు సెట్లవాళ్ళ ట్రంపెట్లు, చర్చీలవాళ్ళ క్లారినెట్లు, గుళ్ళలో వాయించే సాక్సోఫోన్లు నా చేతుల మీదుగా పోయాయి. చూపు మందగించాక మానేశాను. మా వైపు తెలుగు మాట్లాడేవాళ్ళకు కొదవ లేదు కానీ చదవడం వచ్చినవాళ్ళు తక్కువ. నాకు పరదరామిలో మా తాత పలక పట్టించి నేర్పాడు. ఇక్కడ నేను చెప్పబోయే మనుషుల్లో ఒక్కరికీ తెలుగు చదవడం రాదు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

పాత సాక్సోఫోన్ బాగుచేయదగ్గదా కాదా అని చూడడం పెద్ద విద్యేమీ కాదు. గొట్టం వంకరపోయి ఉండకూడదు. మెడ తన వంపు కన్నా ఎక్కువ వంగి ఉండకూడదు. గొట్టం పొడుగునా ఉన్న రంధ్రాల అంచులు సమంగా ఉండాలి. ప్రతి రంధ్రానికీ ఒక మూత, ఆ మూతలో ఒక తోలు ప్యాడు ఉంటాయి. ఆ ప్యాడు అంచు మీద గాలి పోకుండా కూర్చుంటేనే స్వరం పలుకుతుంది. ప్యాడ్లు చెడిపోతే మార్చవచ్చు, స్ప్రింగులు చెడిపోతే మార్చవచ్చు. రంధ్రం అంచు పోతే మాత్రం చాలామంది మేస్త్రీలు దండం పెట్టేస్తారు. చూడవలసింది ఇంతే. ఇంత తెలిసిన నేను ఒక సాక్సోఫోన్ విషయంలో ఎలా బోల్తా పడ్డానో చెబుతాను, వినండి.

అప్పటికి నేను బల్ల దగ్గర ముప్పై రెండేళ్ళ పాతకాపును. నాకు పని నేర్పిన పెద్ద మేస్త్రీ విరించిపురం మనిషి, చనిపోయి చాలాకాలమైంది. ఆయనకు చెవి సరిగ్గా వినబడదు. గాలి ఎక్కడ పోతోందో చెంప ఆనించి కనిపెట్టేవాడు. నా పక్కన కూర్చునేది కనియంబాడి అక్క. ఒకప్పుడు చెప్పుల ఫ్యాక్టరీలో తోలు కోసేది, అక్కడ మానేసి మా దగ్గర ప్యాడ్లు చేయడానికి చేరింది. మేక తోలును రెండు వేళ్ళతో నలిపి, ఇది పొట్ట దగ్గరిది, ఇది పనికిరాదు అని పక్కన పారేసేది. ఆమె వేలు ఎంత సున్నితమో నోరు అంత కరుకు. ఇక మా ముదలాళి, అంటే దుకాణం యజమాని. పాతది బాగుచేసి పంపితే వాళ్ళు మళ్ళీ కొత్తది కొనడానికి ఎప్పుడొస్తారయ్యా అనేది ఆయన నిత్య పారాయణం.

ఏప్రిల్ నెలలో ఒక రోజు పొద్దున, ఇంకా ఫ్యాను కూడా వేసుకోకముందే, గుడియాత్తం నుంచి మొగుడూ పెళ్ళాలు ఇద్దరు వచ్చారు. యాభై దాటిన మనుషులు. ఆయన చంకలో గళ్ళ లుంగీలో చుట్టిన మూట. మా భాషే కాబట్టి వెంటనే తెలుగులోకి దిగారు. ఆయన మూటను పసిబిడ్డను దించినట్టు నా బల్ల మీద దించి, లుంగీ విప్పాడు.

చూడగానే నా ఒళ్ళు మండింది. సాక్సోఫోన్ నిండా కుంకుమ. ఒక ఏటిది కాదు, ఏళ్ళ తరబడి ఒకదాని మీద ఒకటి పెట్టిన బొట్లు కీల సందుల్లో పొరలు కట్టి, చందనంతో కలిసి గట్టిపడిపోయి ఉన్నాయి. ఒక్క కీ కూడా తిన్నగా కదలడం లేదు. దగ్గరికి వంగితే కొబ్బరినూనె వాసన.

"ఏమిది? సాక్సోఫోనా, అమ్మవారా?" అన్నాను.

ఆవిడ నవ్వింది, నేను మెచ్చుకున్నాననుకుని. "ప్రతి యేడూ ఆయుధ పూజకి నేనే చేస్తానన్నా. చింతపండు పెట్టి తోమి, నీళ్ళు పోసి, నూనె రాసి బొట్లు పెడతాను. ఒక్క యేడు కూడా తప్పలేదు."

"నీళ్ళు పోసి?"

"ఆ. రెండు చెంబులు."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజు ముక్కు దాటి నెత్తికెక్కింది. "అమ్మా, ఇదేమన్నా దీపం కుందనుకున్నావా, తోమి నీళ్ళు పోసేదానికి? లోపల తోలు ఉండాది. తోలు నానితే ఉబ్బుతాది, ఎండితే రాయి అవుతాది. ఇరవై పైన ప్యాడ్లు ఉంటే ఇరవై నాశనం చేసినావు. బంగారం లాంటి వాయిద్యాన్ని నీ చేత్తోనే చంపినావు కదమ్మా!" దుకాణంలో తాళాలు కొనడానికి వచ్చిన భజన మందిరంవాళ్ళు నలుగురు కూడా ఇటు తిరిగి చూశారు. ఆవిడ నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

"తెలీక చేసినాది మేస్త్రీ. విడిచిపెట్టు," అన్నాడాయన.

నేను విడిచిపెడితేనా? సన్నటి బల్బు తీగను గొట్టంలోకి దించి చూశాను. గాలి పోయే సందుంటే అక్కడ వెలుగు కనిపిస్తుంది. వెలుగు కనిపించని చోటు వెతుక్కోవలసి వచ్చింది. కిందికి దించుతూ దించుతూ, పువ్వులా విచ్చుకున్న మూతి దగ్గరి పెద్ద రంధ్రానికి వచ్చాను. అన్నిటికన్నా కింది స్వరం పలికేది అక్కడే. మూత ఎత్తి వేలితో అంచు తడిమాను. అంచు దాదాపు లేదు. ఎవడో ఆకురాయి పెట్టి అరగదీసేశాడు.

ఇది తెలియనివాళ్ళకు చెప్పాలి. దెబ్బ తగిలి అంచు ఒకవైపు కుంగితే, లోపలినుంచి మెల్లగా తట్టి పైకి లేపాలి. దానికి ఓపిక కావాలి, రెండు మూడు రోజులు పడుతుంది. ఓపిక లేనివాడు మిగిలిన అంచును కూడా కుంగినంత మట్టానికి అరగదీసేసి, లావుపాటి ప్యాడు ఒకటి అతికించి పంపేస్తాడు. నాలుగు నెలలు పలుకుతుంది. ఆ తరువాత ఏ ప్యాడు వేసినా నిలవదు. మా వృత్తిలో దీనికి మించిన పాపం లేదు.

"ఎవడప్పా ఈ పని చేసినోడు?" అని అరిచాను. "చెంబు అంచు గీకినట్టు గీకినాడే! కండ్లు యాడ పెట్టుకున్న్యాడు? ఇట్లాంటోళ్ళను బల్ల కాడ కూచోబెట్టేదే తప్పు. పోయి గొర్రెలు మేపుకోమనల్ల. యాడ చేయించినారు దీన్ని?"

మొగుడూ పెళ్ళాలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "చానా కాలమైనాది మేస్త్రీ. గుర్తు లేదు," అన్నాడాయన. ఆవిడ తల దించుకుని కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ ఉంది. నా మాటలకు సిగ్గుపడిందనుకున్నాను. పడాల్సిందే అని కూడా అనుకున్నాను. ఆ కనపడని మేస్త్రీని ఇంకో పది నిమిషాలు, వాడి గురువుతో సహా, నోటికొచ్చినట్టు తిట్టాను.

నా ఊపిరి అయిపోయాక ఆయన అసలు సంగతి చెప్పాడు. గుడియాత్తంలో అరవ వైకాసి నెల మొదటి రోజు, అంటే మే నెల సగంలో, గంగమ్మ జాతర. అమ్మవారి శిరస్సును ఊరేగింపుగా తీసుకెళతారు. ఆ శిరస్సు ముందు వీళ్ళ బ్యాండు సెట్టు వాయిస్తుంది. ముప్పై ఏళ్ళకు పైగా ముందు వరసలో ఈయన నిలబడుతున్నాడు. ఇప్పుడు సెట్టు ఈయన తమ్ముడి కొడుకు చేతికి వచ్చింది. వాడు కొత్త సాక్సోఫోన్ కొని ఒక కొత్త మనిషిని తెచ్చుకున్నాడు. పోయిన ఏడు జాతరలో ఈయనది నడివీధిలో కీచుమని అరిచిందట. ఈ ఏడు దాన్ని సరిచేయించుకుని వస్తే సరే, లేదంటే రావద్దు పెద్దనాయనా అని చెప్పేశాడట.

"జాతర ఇంకా ఇరవై దినాలుండాది," అన్నాడాయన. "వాడు చెప్పింది న్యాయమే, తప్పు పట్టను. పలకనిదాన్ని అమ్మ ముందర ఎట్ల ఊదేది? కానీ మేస్త్రీ, ఆ పొద్దు ఇంట్లో కూచోని వీధిలో పోయే సద్దు వినల్లంటే నా వల్ల కాదు."

ఆవిడ అప్పుడు తల ఎత్తింది. "నా వల్లనే చెడిపోయిందంటే, నేను ఆయన ముఖం ఎట్ల చూసేదన్నా?"

ఆ మాటకు ఏ మనిషైనా మెత్తబడాలి. నేను మెత్తబడలేదు. "ప్యాడ్లంటే మార్చవచ్చును. ఆ అంచుకు మందు లేదు. ఇది పనికిరాదు. గోడకు తగిలించుకోండి," అని తీర్పు చెప్పేశాను.

ఆయన లుంగీని మడిచి సాక్సోఫోన్ పక్కన పెట్టాడు. "నీ కాడనే ఉండనీ మేస్త్రీ. ఇంకొకసారి చూడు. నువ్వు చూస్తే చాలు," అని ఆవిడను వెంటబెట్టుకుని వెళ్ళిపోయాడు. వేలూరులో నాలాంటివాళ్ళు ఇంకో ముగ్గురు ఉండగా నువ్వే చూడాలని ఎందుకన్నాడో నాకు తోచలేదు. తోచేంత తీరిక ఉంటే కదా, నేనింకా తిట్టుకుంటూనే ఉన్నాను.

"అయిపోయిందా?" అంది కనియంబాడి అక్క, కత్తెర కింద పెట్టి. "ఒక ఆడమనిషిని పట్టుకొని నలుగురిలో అంత అరవల్నా? నీ ఇంట్లో ఆయుధ పూజకి నీ బల్లకి బొట్టు పెట్టవా నువ్వు?"

"బల్లకి తోలు లేదక్కా."

"నీ నోటికీ లేదు," అంది.

ముదలాళి వచ్చి విషయం విని సంతోషించాడు. పనికిరానిదైతే మరీ మంచిది, కొత్తది చూపిద్దాం, ఈ లోగా దీన్ని విప్పి మరలూ రాడ్లూ తీసి పెట్టుకో, వేరేవాటికి పనికొస్తాయి అన్నాడు. వాళ్ళ వస్తువును వాళ్ళకు చెప్పకుండా విప్పడం నాకు నచ్చలేదు కానీ, ఇంకొకసారి చూడమన్నారుగా, విప్పకుండా ఎలా చూసేది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మరుసటి రోజు మధ్యాహ్నం విప్పడానికి కూర్చున్నాను.

మా ఊరి ఎండలకూ ఉక్కకూ పాత సాక్సోఫోన్ మర ఒక్కటి విప్పాలంటే సగం పూట పోతుంది. తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. కిరసనాయిలులో నానబెట్టాలి, తట్టాలి, బతిమాలాలి. దీనికి మొదటి మర మీద స్క్రూడ్రైవరు పెట్టి తిప్పానో లేదో గిర్రున వచ్చేసింది. రెండోదీ అంతే. రాడ్డు లాగితే మెత్తగా జారి చేతిలోకి వచ్చింది. ఎక్కడా ఒక్క తుప్పు చుక్క లేదు. స్ప్రింగులు మొదటి రోజు ఎంత చురుగ్గా ఉంటాయో అంత చురుగ్గా ఉన్నాయి. ఏటేటా ఆవిడ రాసిన కొబ్బరినూనె సందుసందుకీ దిగి, లోపలున్న ఇనుమంతా కాపాడింది. ప్యాడ్లు పోయిన మాట నిజమే, అవి ఎలాగూ కొన్నేళ్ళకు మార్చవలసినవే. మార్చలేని సామానంతా ఆవిడ పుణ్యాన బతికి ఉంది.

నేను రాడ్లను వరసగా పెట్టుకుంటూ పోయాను. అక్క ఒక రాడ్డు తీసి వెలుగుకు పట్టి చూసి, "ఓహో" అంది. ఆ ఒక్క మాటతో ఊరుకుంది, దానికి నాకు ఇంకా ఎక్కువ మండింది.

ఇక మిగిలింది ఆ పెద్ద రంధ్రం. దాని మూతకు దెబ్బ తగలకుండా పైన ఒక చిన్న ఇత్తడి కాపు ఉంటుంది. దాన్ని విప్పి చూస్తే కింద వేలు మందాన కుంకుమ గడ్డ. అక్క తడిగుడ్డ తీసుకుని తుడవసాగింది. నేను మళ్ళీ ఆ కనపడని మేస్త్రీ గురించి మొదలుపెట్టాను. చూడక్కా, ఎంత ఒత్తి గీకాడో, ఎంత తొందరో వెధవకి, వీడి ఇంట్లో పాలు పొంగుతున్నాయేమో.

అక్క తుడవడం ఆపింది. "ఈ ముగ్గు నీదే కదా?"

మా పెద్ద మేస్త్రీ పెట్టిన పద్ధతి ఒకటుంది. రిపేరు చేసిన ప్రతి వాయిద్యానికీ, బయటికి కనిపించని చోట, చేసినవాడు తన గుర్తు గీకాలి. ఎన్నేళ్ళకైనా అది తిరిగి వస్తే, పొగడ్తైనా తిట్టైనా ఎవరికి చేరాలో వాళ్ళకే చేరాలి అనేవాడు. వేలూరు మేస్త్రీలందరూ అరవంలోనో ఇంగ్లీషులోనో గీకేవారు. తెలుగు అక్షరం గీకేది నేనొక్కణ్ణే. అక్కకు చదవడం రాదు కాబట్టి దాన్ని ముగ్గు అనేది. ఆ ఇత్తడి కాపు లోపల, నూనెలో భద్రంగా, నా అక్షరం ఉంది. అంత లోతుగా నేను తరువాత ఎప్పుడూ గీకలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. నేను బల్ల దగ్గర చేరిన మొదటి ఏడు. పెద్ద మేస్త్రీ కూతురి పెళ్ళికని వారం రోజులు ఊళ్ళో లేడు. మూతి నొక్కుకుపోయిన సాక్సోఫోన్ ఒకటి వచ్చింది, రెండు రోజుల్లో కావాలన్నారు. మేస్త్రీ వచ్చేదాకా ఆగమని చెప్పి పంపవలసింది. నాకు ఒక్కడినే పని చేసి చూపించాలన్న ఆరాటం. ఆకురాయి తీసుకున్నాను. అరగంటలో అయిపోయింది. ఊది చూస్తే పలికింది. అది నేను ఒంటరిగా చేసిన మొదటి పని, కాబట్టి గుర్తును అంత ముచ్చటపడి గీకాను. మేస్త్రీ తిరిగొచ్చేలోపే అది వెళ్ళిపోయింది, ఆయన చూడనే లేదు. తెచ్చిన మనిషి ముఖం ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు. ఆకురాయి పిడి మాత్రం గుర్తొచ్చింది.

నా చెవులు వేడెక్కిపోయాయి. అక్క గుడ్డను జాగ్రత్తగా మడిచి పక్కన పెట్టి, నా వైపు చూడకుండా అడిగింది.

"గొర్రెలు ఎప్పుడు కొంటావు నాయనా?"

ఆ రోజు నుంచి ఆ సాక్సోఫోన్ బాగుచేయదగ్గదా కాదా అన్న ప్రశ్న నాకు లేకుండా పోయింది. చేయాలి, అంతే. అరిగిన అంచు మీద సన్నటి ఇత్తడి పట్టీని గుండ్రంగా వంచి, వెండి టాకాతో అతికి నిలబెట్టాలి. వేడి తక్కువైతే పట్టీ నిలవదు, ఎక్కువైతే పక్కనున్న అతుకులన్నీ ఊడి చేతికొస్తాయి. మొదటిసారి పట్టీ పక్కకి జారిపోయింది. రెండోసారి పక్క అతుకు ఒకటి ఊడింది. నాలుగో రోజున ముదలాళి వచ్చి, పనికిరాదన్నావు కదయ్యా, మరి దీన్ని పట్టుకుని కూర్చున్నావేంటి అని నిలదీశాడు. నా తప్పే అని చెప్పడానికి నోరు రాలేదు. "సరుకు మంచిది ముదలాళీ" అన్నాను. అక్క దగ్గింది.

ప్యాడ్లన్నీ ఆమే చేసింది. ఒక్కో ప్యాడు దగ్గరా మాకు పోట్లాటే, ఇది లావు, ఇది పలచన అని. ఆ పెద్ద రంధ్రానికి ప్యాడు మూడుసార్లు చేసి రెండుసార్లు తనే పారేసింది. చివరికి బల్బు దించి చూస్తే గొట్టమంతా చీకటి. ఎక్కడా వెలుగు లేదు. ఊదాను. అన్నిటికన్నా కింది స్వరం, నేల అదిరేలా, నిండుగా పలికింది. నేను బల్ల దగ్గర చేసిన పనుల్లో అంతకన్నా మంచి పని లేదని ఇప్పటికీ అంటాను.

జాతర ముందు రోజు సెలవు పెట్టి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని గుడియాత్తం బస్సెక్కాను. బాగైందని ఫోను చేస్తే వాళ్ళే వచ్చి తీసుకెళతామన్నారు కానీ నేను వద్దన్నాను. నిజం నేనే వెళ్ళి వాళ్ళ గడపలో చెప్పాలి. బస్సులో దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. పక్క సీటాయన నేను జపం చేస్తున్నాననుకుని కాస్త ఒదిగి చోటిచ్చాడు.

ఆవిడ వాకిట్లో చాటలో ఆకు పెట్టుకుని బీడీలు చుడుతోంది. నన్ను చూసి చాట పక్కకి పెట్టి లేచింది. ఆయన లోపలినుంచి వచ్చి, చేతులు కడుక్కుని, సాక్సోఫోన్ మీది లుంగీ విప్పాడు. కాసేపు పట్టుకుని చూసి, ఊదాడు. నా కూర్పంతా మరిచిపోయి విన్నాను. ఆ మనిషి ఇంత గొప్పగా వాయిస్తాడని నేను ఊహించలేదు. ఆవిడ తలుపుకు ఆనుకుని, కళ్ళు తుడుచుకోవడం మరిచిపోయి నిలబడింది.

ఆపాక మొదలుపెట్టాను. "అమ్మా, నువ్వు నూనె రాసినందుకే ఇది బతికినాది. తోలు పోయింది నిజమే కానీ తక్కినదంతా కాపాడినావు. ఆ పొద్దు నేను అన్న మాటలు తప్పు." అంతవరకూ బాగానే వచ్చింది. "ఇంకొకటుండాది. ఆ కింది రంధ్రం అరగదీసినోడు..."

"తెలుసులే అన్నా," అంది ఆవిడ.

"ఏమి తెలుసు?"

"నువ్వేనని." ఆవిడ మళ్ళీ కూర్చుని చాట దగ్గరికి లాక్కుంది. "నాకు పెండ్లయిన కొత్త. ఇద్దరమూ వచ్చినాము వేలూరికి. నీకప్పుడు మీసం కూడా సరింగా రాలేదు. పెద్ద మేస్త్రీ లేడు, నేనే చేసిస్తానని కూచోబెట్టినావు. నువ్వు చేసి ఇస్తేనే ఆ యేడు ఈయన అమ్మ ముందర మొదటిసారి నిలబడినాడు. మరిచిపోతామా? దానికే కదా ఇప్పుడు కూడా నీ కాడికే ఎత్తుకొని వచ్చినాము."

దుకాణంలో వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్న చూపు గుర్తొచ్చింది. నేను కండ్లు యాడ పెట్టుకున్న్యాడని అడుగుతుంటే, గొర్రెలు మేపుకోమంటుంటే, ఆ కండ్లవాడు ఎదురుగా నిలబడి అరుస్తున్నాడని తెలిసి ఇద్దరూ నోరు మూసుకుని కూర్చున్నారు. గుర్తు లేదన్నారు.

"మరి అప్పుడే చెప్పకూడదా?" అని గట్టిగా అనేశాను. నిజంగానే కోపం వచ్చింది. నా మీదా, వాళ్ళ మీదా. "అంతసేపు నన్ను అట్ల వాగనిచ్చినారే!"

"దుకాణంలో అంతమంది ఉండారు," అన్నాడాయన నెమ్మదిగా. "నలుగురి ముందర ఒక మేస్త్రీని పట్టుకొని నువ్వే చెడిపినావని యాడ చెప్పేది? తప్పు కదా."

"నన్ను మటుకు నలుగురి ముందరే తిట్టినాడు," అంది ఆవిడ బీడీ ఆకు కత్తిరిస్తూ. "కాఫీ తాగిపో అన్నా."

ఆ కాఫీ ఎలా మింగానో నాకే తెలియదు. ఏదో ఒకటి అడగాలని అడిగాను. ముప్పై ఏళ్ళు ఆ కింది స్వరం పలకకపోతే మళ్ళీ నా దగ్గరికి ఎందుకు తేలేదప్పా అని. "అది లేదనుకొనే వాయిస్తా ఉండా మేస్త్రీ. పాట కిందికి పోయే చోట నేను పైకి పోతా. ఎవురికీ తెలీదు," అన్నాడు. ఒక మనిషి ముప్పై ఏళ్ళు పాటలన్నీ నా ఆకురాయి చుట్టూ తిప్పి వాయించాడు, ఒక్క ఫిర్యాదు లేకుండా.

మరుసటి రోజు జాతర చూడటానికి ఉండిపోయాను. ఆ జనం, ఆ ఎండ, కొబ్బరికాయలు పగిలే మోత చెప్పనక్కర్లేదు. అమ్మవారి శిరస్సు ముందు, తమ్ముడి కొడుకు పక్కన, ముందు వరసలో ఆయన నిలబడ్డాడు. వీధి పొడుగునా పక్కపక్కనే నడుస్తూ విన్నాను. పాట కిందికి దిగేది. ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని నేను ఊపిరి బిగబట్టేవాణ్ణి. ఆయన చక్కగా పైకి వెళ్ళిపోయేవాడు. మూడు వీధులు, ఎన్ని పాటలో. నేను పదకొండు రోజులు చేతులు కాల్చుకుని నిలబెట్టిన ఆ రంధ్రం మూతను ఆయన ఒక్కసారి ముట్టుకోలేదు. రోడ్డు పక్కన నడుస్తూ నేను పళ్ళు నూరుకుంటున్నాను. సందు చూసి దగ్గరికి వెళ్ళి, కింది స్వరం బాగైందప్పా, దిగి చూడు అని చెవిలో అరిచాను. "వేళ్ళు పోవు మేస్త్రీ, అలవాటు లేదు," అని ఆయనా అరిచి, నవ్వుతూ వెళ్ళిపోయాడు.

కాబట్టి ఫోటోలు పంపే పిల్లలూ, మెడా గొట్టమూ అంచులూ అన్నీ చూడండి, నేను చెప్పినట్టే చూడండి. చూసి తీర్పు చెప్పేముందు మాత్రం, ఇదివరకు ఎవరు దాన్ని రిపేరు చేశారో ఆ గుర్తు వెతకండి. తిట్లు ఆ తరువాత పెట్టుకోవచ్చు.

బల్ల మానేసిన ఏడు, ఆయుధ పూజ నాడు మధ్యాహ్నం గుడియాత్తం నుంచి ఫోను వచ్చింది. ఆవిడ. "ఈ యేడు నీళ్ళు పొయ్యలేదన్నా. గుడ్డతోనే తుడిచినా. నూనె మటుకు రాసినా," అంది. మంచి పని చేశావమ్మా అన్నాను. "ఉండు, ఒక నిమిసం ఉండు. దినమూ కూచోబెట్టి సాధకం చేయిస్తా ఉండా. ఇప్పుడు విను," అని ఫోను ఎక్కడో పెట్టిన చప్పుడైంది.

సాక్సోఫోన్ పలికింది. మెట్టు మెట్టు దిగుతూ, దిగుతూ, ఈసారి పైకి పోకుండా, అన్నిటికన్నా కింది స్వరం మీద ఆగింది. చాలాసేపు ఆగింది. ఊపిరి ఉన్నంతసేపూ పట్టుకున్నాడు. అంచున ఎక్కడో కాస్త గాలి పోతోంది. ప్యాడు మళ్ళీ ఒత్తుకుని కూర్చోవాలి, పట్టీ ఒక చోట సన్నగా లేచినట్టుంది. ముప్పై ఐదేళ్ళు ఆ పనే చేసినవాణ్ణి, ఫోనులో కూడా తెలిసిపోతుంది.

"బాగుండాదా అన్నా?" అని ఆవిడ అడిగింది. వెనకాల ఇంటినిండా చుట్టాలున్న సందడి వినిపిస్తోంది.

"బాగుండాదమ్మా," అన్నాను.